బానెట్ సందులోంచి

సెల్ఫ్ కొట్టమ్మా, అన్నాడు నాన్న బానెట్ అవతలి నుంచి. పెద్దమ్మాయి తాళంచెవి తిప్పింది. ఇంజిన్ గొంతు సవరించుకుంది, అందుకుంది, అందుకున్న మరుక్షణం జ్వరమొచ్చిన మనిషిలా వణకడం మొదలుపెట్టి, స్టీరింగునీ సీటునీ ఆమె పళ్లనీ కలిపి వణికించి, ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. పొద్దున్నుంచీ ఇదే తంతు. ఎత్తిపెట్టిన బానెట్ ముందు అద్దాన్నంతా కప్పేసింది. కింద, బానెట్‌కీ బండి ఒంటికీ మధ్య, నాలుగు వేళ్లు పట్టేంత సందు మాత్రం మిగిలింది. ఆమె లోకమంతా ఇప్పుడు ఆ సందే. అందులోంచి చేతులు కనిపిస్తాయి. నూనె మరకల నాన్న చేతులు, అంతకంటే నల్లగా చెల్లెలి చేతులు. నాన్న చెయ్యి అలా చాపితే చాలు, అడక్కుండానే అందులో సరైన పానా వచ్చి పడుతుంది. వాడింది వెనక్కి పోతుంది, ఇంకొకటి వస్తుంది. నాలుగు చేతులూ ఒకే మనిషివి అన్నట్టు. మధ్యమధ్యలో రెండు తలలు కూడా సందులోకి వంగుతాయి, చెల్లెలి నోరు నాన్న చెవికి ఆనేంత దగ్గరగా. ఏం చెబుతుందో వినపడదు. ఇంజిన్ మోతలో వినపడలేదంటే అర్థం ఉంది, ఇంజిన్ ఆగాక కూడా గుసగుసలేనా? షెడ్డులో ఉన్నదే ముగ్గురు. ముగ్గురిలో ఇద్దరు గుసగుసలాడుకుంటే ఆ మూడో మనిషి ఎవరని?

కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు క్లచ్ మీద, చెయ్యి తాళంచెవి మీద. అంతే ఆమె పని. చెల్లెలు ఒక్కతే ఉంటే కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేసి ముందుకు పరిగెత్తేదట, ఇప్పుడు ముందర తన రెండు చేతులూ కావాలి కాబట్టి అక్క వచ్చి కూర్చోవాలి. సెలవు పెట్టి బస్సెక్కి వచ్చిన మనిషికి దొరికిన మర్యాద ఇది. నిన్న తను ఒక్కతే స్టార్ట్ చేస్తే బండి గడియారంలా నడిచిందని కూడా చెప్పింది చెల్లెలు, ఊరుకోకుండా ఒక చురక కూడా అంటించింది, నువ్వు కూర్చుంటేనే మొరాయిస్తోందక్కా, అంతా నీ పాదం మహిమ, అని. నవ్వుతూనే అంది. దాని నవ్వు అలాంటిది, గీరి పోతుంది, రక్తం తర్వాత కనిపిస్తుంది. నాన్న ఆ మాటకి నవ్వలేదు, కాదనలేదు, అసలు విన్నట్టే లేడు. చిన్నది ఏమన్నా ఆయనకి చెల్లుబాటే.

పెట్రోలు వాసన ముక్కుకి పట్టేసింది. చిన్నప్పుడు ఈ వాసన నాన్న వాసన అనుకునేది. ఆయన ఇంటికొచ్చి మోచేతుల దాకా సబ్బు రాసుకుని రుద్దుకుంటుంటే, నురగ ముందు బూడిద రంగులో వచ్చి తర్వాత తెల్లబడేది. ఆ తెల్ల నురగ వచ్చేదాకా ఆమె పుస్తకం ముట్టుకోకూడదని ఆయన తనకి తాను ఒక నియమం పెట్టుకున్నాడు. నల్లచేత్తో పుస్తకం ముట్టుకోకూడదమ్మా అని ఆయన అన్నది తన చేతుల గురించే, ఆమెకి మాత్రం అది ఇద్దరి మధ్య గీసిన గీతలా ఉండిపోయింది. నువ్వు చదువుకో. ఆ మాట ఎన్నిసార్లు విన్నదో. షెడ్డు గుమ్మంలో నిలబడితే నువ్వు చదువుకో, స్క్రూలు ఏరి డబ్బాలో వేస్తే నువ్వు చదువుకో. చెల్లెలికి ఎవరూ ఆ మాట చెప్పలేదు. చెప్పినా అది వినే రకం కాదు, బండి కిందకి దూరి పడుకునేది, కాళ్లు పట్టి లాగితే తన్నేది. ఇంట్లో మొదటి డిగ్రీ పెద్దమ్మాయిది. పట్టా తెచ్చి చూపిస్తే నాన్న చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కడుక్కుని, అంచులు మాత్రం వేళ్ల చివరలతో పట్టుకుని చూశాడు. ఎంత గౌరవమో.  అదే చేత్తో చెల్లెలి నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేశాడు ఆ రోజే, మళ్లీ పనిలోకి దిగాక, స్పానర్ సెట్టు వర్షంలో వదిలేసిందని, దాని జుట్టంతా గ్రీజు చేసి. ఆ మొట్టికాయ కోసం ఆమె ఆ పట్టా ఇచ్చేసి ఉండేది.

మళ్లీ కొట్టమ్మా. కొట్టింది. వణికింది, ఆగింది. అమ్మా అంటాడు తనని. ఏమనుకోకమ్మా, కాస్త కూర్చోమ్మా, ఎండగా ఉందామ్మా. ఇంటికొచ్చిన ఆఫీసరుతో మాట్లాడినట్టు. చెల్లెలికైతే ఏరా, ఎక్కడ చచ్చావురా, అది ఇటు తగలెయ్యి. పాతికేళ్లు దాటిన ఆడపిల్లని ఒరేయ్ అనే తండ్రి, ఆ ఒరేయ్ కి ఊఁ అని తల తిప్పకుండా పలికే కూతురు. ఆ ఒరేయ్ లో ఎంత చనువుందో అనేవాళ్లకీ పడేవాళ్లకీ తెలీదు. పక్కన నిలబడి వినేవాళ్లకే తెలుస్తుంది.

ఇది ఎవరో బాగుచేయమని వదిలేసి తిరిగిచూడని కారు. రంగు వెలిసి, సీట్లు ఎలకలు కొట్టి, షెడ్డు మూల ఏళ్ల తరబడి పడుండేది. దీన్ని లేపుదామని చెల్లెలే పట్టుబట్టింది. అప్పటినుంచీ ఇంట్లో ఇదే పురాణం. బ్లాకు బోరు చేయించారట, రింగులు మార్చారట, హెడ్డు విప్పారట, మళ్లీ బిగించారట. ఫోన్ చేస్తే నాన్న రెండే ముక్కలు, బాగున్నావామ్మా, తిన్నావామ్మా, ఆమె జవాబు ఇంకా నోట్లో ఉండగానే ఇదిగో చిన్నదానికిస్తున్నా అని ఫోను దాటించేసేవాడు. చెల్లెలు అందుకుని గ్యాస్కెట్ గురించి చెప్పేది. ఇవతల తన అద్దెగదిలో మంచం అంచున కూర్చుని, పైకి ఊఁ కొడుతూ, లోపల మాత్రం ఒక ఇనప ముద్దకి ఉన్నపాటి విలువ నాకు లేదా అని లెక్క వేసుకునేది. ఆమె పని చేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులో. ఆమె దగ్గరికి కార్లు గుద్దుకున్నాకే వస్తాయి, అవీ ఫొటోల్లో. నుగ్గయిన తలుపులు, పగిలిన దీపాలు చూసి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకూడదు అని రాసి సంతకం పెడుతుంది. మెకానిక్ కూతురివా, అయితే నీకు బాగా తెలిసుంటుందే అంటారు ఆఫీసులో. ఆమె నవ్వి ఊరుకుంటుంది. తెలిసింది చెల్లెలికి. తనకి తెలిసింది సంతకం.

సందులో నాన్న అరచెయ్యి. ఇంజిన్ మీద వాల్చి పెట్టాడు, పడుకున్న పసిపిల్ల వీపు మీద వేసినట్టు, వేళ్లు చాపి, కదలకుండా. అలా ఎంతసేపు ఉంచుతాడో. వేడి ఎక్కుతున్నా తియ్యడు. తన వీపు మీద ఆ చెయ్యి ఎప్పుడైనా అలా పడిందా? పడే ఉంటుంది, గుర్తుండని వయసులో. గుర్తున్న వయసులో ఒక్కటే ఒక్క రోజు ఆయన తనని షెడ్డు పనికి పిలిచాడు. అప్పటికి చెల్లెలు పాలు తాగే పిల్ల, కాబట్టి ఆ రోజు పూర్తిగా తనది, దానికి అందులో వాటా లేదు. షెడ్డు బయట వాలు మీద ఒక పాత వ్యాను ఆగిపోయి ఉంది. చక్రం కింద పెట్టిన రాయి జారింది, హ్యాండ్ బ్రేకు పట్టదు. నాన్న బండి ముందు నిలబడి రెండు చేతులతో ఆపుతూ, చుట్టూ చూస్తే గుమ్మంలో తను తప్ప ఎవరూ లేరు. ఎక్కు, మధ్యదాన్ని తొక్కు, గట్టిగా. ఎక్కింది. సీటు అంచుకి జారితే గానీ కాలు అందలేదు. రెండు కాళ్లూ పెట్టి తొక్కింది. కాలు తియ్యకు బంగారం, తీస్తే బండి నా మీదకొస్తుంది. ఆయన వెళ్లి రాయి తెచ్చి చక్రం కింద కొట్టేదాకా తియ్యలేదు, పిక్కలు వణికినా, ఏడుపొచ్చినా తియ్యలేదు. కొట్టాక కూడా తియ్యలేదు. ఆయన వచ్చి ఒక్కో కాలూ చేత్తో ఎత్తి కింద పెట్టాడు. ఇంకెప్పుడూ అంతే, ముందు మనిషి ఉంటే బ్రేకు మీంచి కాలు తియ్యకూడదు, తెలిసిందా అన్నాడు. తెలిసింది. ఆయన ఆమెకి నేర్పిన బండి విద్య అంతా అదే, ఆమె దాన్ని మర్చిపోలేదు. నాన్న ప్రాణం ఒకసారి తన కాలికింద ఉంది. ఈ పానాలు అందించేవాళ్లకి అలాంటిది ఉందా?

మళ్లీ కొట్టమ్మా. కొట్టింది. వణుకు. కాళ్ల దగ్గర అదే చప్పుడు, స్స్ మని, సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు. పొద్దున ఒకసారి కిటికీలోంచి తల బయటికి పెట్టి అడిగింది, ఇక్కడ స్స్ మంటోంది ఏంటి నాన్నా, అని. ఆయన తల తిప్పలేదు. చెల్లెలు అప్పుడు షెడ్డు వెనక్కి పోయింది, అదైనా విని ఉంటే ఏమనేదో. నీకెందుకమ్మా ఇవన్నీ అన్నట్టు ఆ వంగిన వీపు. మళ్లీ అడగడానికి ఆమెకి నోరు రాలేదు. ప్లగ్గులు తీశారు, గీకారు, పెట్టారు. కార్బొరేటర్ విప్పారు. ప్లగ్గులకి నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ని ఇటు కాస్త, అటు కాస్త తిప్పుతున్నారు. ఇంజిన్‌లో తాము చెయ్యి పెట్టిన ప్రతి చోటా తమ తప్పు కోసం వెతుకుతున్నారు. నాన్న ఇవాళ పొద్దున బండి మూడోసారి ఆగిపోగానే అన్నాడు, తనతో కాదులే, చెల్లెలితో, ఇవాళ ఇది నిలబడకపోతే మాత్రం ఈ షట్టర్ ఇంక దించెయ్యడమేరా అని. చెల్లెలి మొహం పాలిపోయింది. ఒక్క ఇంజిన్ కోసం షెడ్డు మూసేస్తారా ఎవరైనా, పెద్దాయన విసుగులే అనుకుంది ఆమె. అనుకుంటూనే, మూసేస్తే ఏం, అని కూడా అనుకుంది. మూసేస్తే చేతులు నాలుగూ ఖాళీ. అప్పుడు ఫోనులో గ్యాస్కెట్ ఉండదు. నాన్నని తన దగ్గరికి తీసుకుపోవచ్చు, కుర్చీ వేయవచ్చు, చెల్లెలు సెలవులకి వచ్చి గుమ్మంలో నిలబడవచ్చు.

కుడికాలు తిమ్మిరెక్కింది. ఇంజిన్ వణుకుతూ ఉండగానే, ఇంకేం, ఎలాగూ ఆగిపోతుందిలే అని, బ్రేకు మీంచి కాలు తీసి మడమ రుద్దుకుంది. ఇంజిన్ సర్దుకుంది. వణుకు పోయింది. ఎవరో భుజం తట్టి ఊరుకోబెట్టినట్టు, ఒక్క గొంతుతో, నున్నగా తిరగసాగింది. స్స్ చప్పుడు లేదు. అవతల చెల్లెలు కెవ్వుమంది. సందులో దాని చెయ్యి నాన్న మణికట్టు పట్టుకుని ఊపేసింది. ఆమె గబుక్కున కాలు బ్రేకు మీద పెట్టింది, నాన్న ముందున్నాడు కదా. స్స్. వణుకు. దగ్గు. ఆగిపోయింది.

అలా కూర్చుండిపోయింది. మళ్లీ కొట్టమన్నారు. కొట్టి, ఈసారి కావాలనే కాలు తీసింది. నున్నగా. పెట్టింది. వణుకు. తీసింది. నున్నగా. ఇంజిన్ తన అరికాలికి కట్టిన బొమ్మలా ఆడుతోంది. అవతల చెల్లెలు డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి తిప్పి, కుదిరిందని మురిసి, అంతలోనే చెడిందని ఏడ్చినంత పనిచేసి, మళ్లీ తిప్పుతోంది, అంతా తన చేతిలో ఉందనుకుంటూ. చెబితే అయిపోయేది. నోరు తెరిచింది కూడా. అప్పుడే సందులో తలలు రెండూ మళ్లీ దగ్గరయ్యాయి, చెల్లెలి పెదాలు ఆయన చెవి దగ్గర కదిలాయి, నాన్న తల ఊపాడు. నోరు మూసుకుని కాలు బ్రేకు మీద పెట్టింది. పెట్టి, ఉంచింది. తప్పేముంది, ఆయన నేర్పిందే కదా చేస్తున్నాను. లోపల ఒక చల్లటి సంతోషం, నిమ్మళంగా, కుండలో నీళ్లు ఊరినట్టు ఊరింది. ఏడాది పొడవునా వాళ్లిద్దరూ కలిసి కట్టిన దాన్ని తను కూర్చున్న చోటు నుంచి, చేతికి మసి అంటకుండా ఆపగలదు. కొట్టు, ఆగు. కొట్టు, ఆగు. తర్వాత పానా జారింది, చెల్లెలి వేళ్ల కణుపులు ఎక్కడో తగిలి తోలు లేచింది. నల్లటి చేతి మీద ఎర్రగా, సన్నగా పాకింది రక్తం. అది అబ్బా అని కూడా అనలేదు. నాన్న ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని పాతగుడ్డ చుట్టాడు. చాల్లేరా, ఇంక ఆపేద్దాం అన్నాడు. ఆ మాట ఆమెకి స్పష్టంగా వినిపించింది, ఆయన గుసగుసలాడలేదు. పోయి టైరు మీద కూర్చుని ఒక్కో వేలూ తుడుచుకోసాగాడు, మళ్లీ నల్లబడే పని లేని వేళ్లు తుడుచుకున్నట్టు.

చెల్లెలు కిటికీ దగ్గరికొచ్చింది. మొహమంతా చెమట, ముక్కు మీద మసి.

"అక్కా, ఇంకొక్కసారి చూద్దాం. ఈసారి కూడా ఆగిపోతే నువ్వేం అనకు."

"నేనేమన్నానే?"

"నువ్వనలేదు, నీ మొహం అంటోంది." కాస్త ఆగి, టైరు వైపు ఒకసారి చూసి, గొంతు ఏమీ తగ్గించకుండానే అంది, "నాన్నకి వినపడట్లేదక్కా."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. ఆరడుగుల దూరంలో నాన్న, ఆ మాట తన గురించి కానట్టు, వేళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఫోను నా చేతిలో పెట్టెయ్యడం మొదలెట్టాడు చూడు, అప్పట్నుంచి. చెవి దగ్గర నోరు పెట్టి చెబితే కొంచెం పడుతుంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. పెద్దదానికి తెలిస్తే షెడ్డు మూయించి నన్ను తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెడుతుంది అన్నాడు. ఇంజిన్ రోగం ఆయన చెవితోనే కదా పట్టేవాడు. ఇప్పుడు చేత్తో పడతానంటాడు. ఇది నిలబడితే చెయ్యి పనిచేస్తున్నట్టు, లేకపోతే లేదు. అదీ సంగతి."

కుర్చీ. ఇందాకే వేసింది ఆ కుర్చీ, మనసులో, కిటికీ పక్కన, దిండు కూడా పెట్టి. ఇంజిన్ మీద వాలిన ఆ అరచెయ్యి వింటోందన్నమాట. పొద్దున తల తిప్పని వీపు, దాటిపోయిన ఫోను, చెవికి ఆనిన పెదాలు, ఒక్కొక్కటీ వచ్చి వేరే చోట కూర్చున్నాయి. అన్నీ కూర్చున్నాక కూడా ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. నాన్న చెవుడు కూడా చెల్లెలికే తెలిసింది. అందులోనూ తనకి వాటా పెట్టలేదు. నవ్వొచ్చింది ఆమెకి, ఏడుపుకి ముందొచ్చే రకం నవ్వు. టైరు మీద ఆయన భుజాలు ఎప్పుడు ఇంత వంగాయో. బండి ముందు నిలబడి రెండు చేతులతో వ్యానుని ఆపిన భుజాలు. కాలు తీస్తే నా మీదకొస్తుంది అన్నాడు అప్పుడు. ఇప్పుడు తియ్యకపోతే వస్తోంది.

"ఒసేయ్, నా కాలు బ్రేకు మీదుంది," అంది.

"ఉంటే?"

"తొక్కితే వణుకుతోంది. తీస్తే బాగుంటోంది. కింద స్స్ మంటోంది."

చెల్లెలు ఆమె మొహంలోకి చూసింది. "గేరు న్యూట్రల్లో ఉంది కదా, అసలు బ్రేకెందుకు తొక్కావే?"

"నాన్న బండి ముందు నిలబడ్డాడు కదా."

 ఎప్పుడు తెలిసిందక్కా నీకు అని అడుగుతుందేమో అనుకుంది ఆమె.  చెల్లెలు అడగలేదు, కట్టు కట్టిన చేతిని ఒకసారి చూసుకుంది, అంతే. తలుపు తీసి, అక్క ఒళ్లో అడ్డంగా పడి, తల పెడళ్ల దగ్గర పెట్టి, సెల్ఫ్ కొట్టించి, తొక్కు అంది, తియ్యి అంది, మళ్లీ తొక్కు అంది, స్స్ వినగానే అక్క మోకాలి మీద ఒక్కటి చరిచి లేచి పరిగెత్తింది. బూస్టర్ నాన్నా, బూస్టర్, అని ఆయన చెవిలో అరిచింది, ఈసారి దాచకుండా, షెడ్డంతా వినబడేలా. బ్రేకు తేలిగ్గా పడడానికి ఇంజిన్ పీల్చే గాలితో పనిచేసే గుండ్రటి డబ్బా అది. లోపలి రబ్బరు చిరిగితే, బ్రేకు తొక్కినప్పుడల్లా బయటి గాలి దొంగదారిన ఇంజిన్లోకి పోతుంది. అన్నీ విప్పి మార్చినవాళ్లు దాన్ని మాత్రం విప్పలేదు, నల్లరంగు కొట్టి కొత్తదానిలా ఉందని మురిసి ఎక్కడిదక్కడ బిగించేశారు. నాన్న టైరు మీంచి లేచాడు. పెద్దకూతురి వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు, ఒట్టు పోయిందని ఆయనకి తెలిసిపోయింది.  గుడ్డ భుజం మీద వేసుకుని, చిన్నదానితో, నువ్వు పోయి సీట్లో కూర్చో అన్నాడు. పెద్దదాన్ని చేత్తో పిలిచాడు.

"ఇటు రారా. నీ చెవి కావాలి."

దిగి వెళ్లింది. ఇంజిన్ ఆమె అనుకున్నంత పెద్దది కాదు. వేడిగా, నూనె మెరుపుతో ఉంది. నాన్న బూస్టర్ మీద తన అరచెయ్యి వేసి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే వేశాడు, కడుక్కోకుండా, తుడుచుకోకుండా. చెల్లెలు సెల్ఫ్ కొట్టింది. ఇంజిన్ అందుకుని నున్నగా తిరిగింది. నాన్న వేలెత్తగానే చెల్లెలు బ్రేకు తొక్కింది, ఇంజిన్ తూలింది, లోపలెక్కడో సన్నగా గాలి లాగింది. ఆమె ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఇక్కడే నాన్నా, ఈ డబ్బా వెనక, అని చెప్పింది. ఆయన చెవి వెంట్రుకలు ఆమె పెదాలకి తగిలాయి. పెట్రోలు, చెమట, ఆ పాత సబ్బు వాసన. ఆయన తల ఊపాడు. రేపు రబ్బరు మారుస్తే అయిపోతుందిరా అన్నాడు, ఇంజిన్‌తో అన్నట్టు, షట్టర్ ఊసు ఎత్తకుండా.

అప్పుడు చూసింది. బానెట్ కింద, నాలుగు వేళ్ల సందులో, అద్దం వెనక చీకట్లో చెల్లెలి కళ్లు. సీటు అంచుకి జారి, మెడ చాచి, ఇటే చూస్తోంది. అక్కడ కూర్చుంటే ఇక్కడిది ఎలా కనిపిస్తుందో ఆమెకి తెలుసు, ఎవరి చేతులు కనిపిస్తాయో, ఏం వినపడదో. కొంచెం పక్కకి జరిగితే నాన్న మొహం దానికీ కనిపిస్తుంది. జరగాలి. జరుగుదాం, అనుకుంది ఆమె, నాన్న చేతి పక్కన తన చెయ్యి అలాగే ఉంచి. ఒక్క నిమిషం ఆగి జరుగుదాంలే.